శుభ్రంగానే ఉంది

ఆ వసంతంలో నా ఎడమ పిక్క మీది మచ్చను నేను మొట్టమొదట చూపించింది డాక్టరుకు కాదు, మా మామగారికి. మా ఇంట్లో ఎవరైనా అదే చేసేవాళ్లు.

మా మామగారి పేరు సీమ్, ఆయన తులిప్ పూల పొలాల్లో రోగం వెతుకుతారు. మా ఉత్తర హాలండ్‌లో ఆ పనికి ఉన్న పేరే అది. పూలు విచ్చుకునే రోజుల్లో సాలు తర్వాత సాలు నడుస్తూ, వేల పూల మధ్య జబ్బు చేసిన ఒక్కదాన్ని పట్టుకోవాలి. రేకు మీద వెంట్రుకంత చార, ఆకు మీద పాలిపోయిన గీత, ఆనవాలంటే అంతే. పేనుబంక ఆ జబ్బును పక్క మొక్కకు మోసుకుపోయేలోగా దుంపతో సహా పెరికి బకెట్లో వేయాలి. చుట్టుపక్కల రైతులకు అనుమానం వస్తే ఆయన్నే పిలుచుకుపోతారు. ఆయన పువ్వు ముందు వంగి, ఒక కన్ను సగం మూసి, 'జబ్బు' అనో 'శుభ్రం' అనో అంటారు. ఆ తర్వాత ఎవరూ వాదించరు.

నేను పదహారో ఏట బడి మానేసి ఆయన తులిప్ దుంపల షెడ్డులో పనికి చేరిన పిల్లను. ఆయన కొడుకు నీక్‌ను చేసుకున్నాక ఆయన్ని నేనూ నాన్న అన్న అర్థంలో 'పా' అనే పిలుస్తున్నాను. మా పాప ఫెన్నా పుట్టిన మరుసటి వసంతం నుంచి పొలంలో ఆయన పక్క సాలు నాదే.

ఆ ఆదివారం మామగారింట్లో కాఫీ వేళ. మా అత్తగారు గ్రీట్ తలకో బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేశారు. నేను ప్యాంటు మోకాలి దాకా మడిచి కాలు స్టూలు మీద పెట్టాను.

"పా, దీన్ని ఒకసారి చూస్తారా?"

చిన్నప్పటి నుంచీ ఉన్న మచ్చే. మిరియపు గింజంత, గోధుమ రంగులో గుండ్రంగా ఉండేది. ఆ చలికాలంలో ఎప్పుడో దాని అంచు జారింది. తడి కాగితం మీద సిరా పాకినట్టు ఒక పక్కకు పాకి, అక్కడ నల్లబడింది. అలా అని నాకనిపించింది. నాకనిపించేవి మా ఇంట్లో లెక్కలోకి రావు.

రాకపోవడానికి కారణం నేనే. ఫెన్నా నిద్రలో కదలకపోతే దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అది లేచి ఏడిస్తే గాని నా మనసు కుదుటపడదు. ఒకసారి దాని డైపర్ ఎర్రగా ఉందని వణుకుతూ ఆసుపత్రికి పరుగెత్తాను. నిన్న ఏం తినిపించారని నర్సు అడిగితే అప్పుడు గుర్తొచ్చింది, బీట్‌రూట్. ఆ రోజు నుంచి నీక్ నన్ను అంబులెన్స్ అంటాడు. అతని స్నేహితులూ అంటారు. నేనూ పలుకుతాను.

మామగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. ఒక కన్ను సగం మూశారు. బొటనవేలు నాలుకకు తడి చేసుకుని, మట్టేమో అన్నట్టు మచ్చ మీద రుద్దారు. తర్వాత వెనక్కి వాలి కాఫీ కప్పు అందుకున్నారు.

"శుభ్రంగానే ఉంది, అమ్మాయ్."

"ముద్ర పడిపోయింది," అన్నాడు నీక్. "అంబులెన్సూ, ఇక సైరన్ ఆపు."

నేనూ నవ్వాను. ఆ రోజంతా ఒళ్లు దూదిలా తేలికగా ఉంది.

ఆ తేలిక ఆ వారం కూడా నిలవలేదు. రొట్టె తెస్తానని చెప్పి సైకిలు మీద ఊరి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఏ జబ్బుతో వెళ్లినా పారాసిటమాల్ వేసుకుని వారం చూడమంటుందని ఊళ్లో ఆవిడకు పేరు. నాకు కావలసిందీ అదే. ఆవిడ చిన్న స్కేలు పెట్టి మచ్చను కొలిచింది. కంగారు పడాల్సిందేమీ తనకు కనిపించడం లేదని, అయినా చర్మం డాక్టరు ఒకసారి చూస్తే మంచిదని అంది. పారాసిటమాల్ మాటే ఎత్తలేదు. ఆ వాక్యంలో ఉన్నవన్నీ మంచి మాటలే. ఆ 'అయినా' ఒక్కటే నాతో పాటు ఇంటికి వచ్చింది. రొట్టె మర్చిపోయాను.

పట్నం ఆసుపత్రిలో చర్మం డాక్టరును కలవడానికి మే చివరికి గాని చోటు దొరకలేదు. అప్పటికి, దుంప బలవడానికి పూల తలలు కోసేసే పని కూడా అయిపోతుంది. నీక్‌కు చెబితే, "పా చూశారుగా," అన్నాడు. కోపంతో కాదు. వాన వస్తుందేమోనని గొణిగేవాళ్లకు తేటగా ఉన్న ఆకాశం చూపించినట్టు అన్నాడు.

ఎదురుచూడడం ఎలాగో నాకు తెలియదు. ఫోన్లో మచ్చల బొమ్మలు చూశాను. కింద రాసిన దాంట్లో సగం అర్థం కాలేదు. బొమ్మలు మాత్రం బాగానే అర్థమయ్యాయి, ప్రతి ఒక్కటీ నాదే. చూడకుండా ఉండాలని మచ్చ మీద ప్లాస్టర్ అంటించాను. గంటకోసారి ప్లాస్టర్ లేపి చూశాను. జిగురు పడక చుట్టూ చర్మం ఎర్రబడింది. ఎర్రబడిందని ఇంకా హడలిపోయాను. ఇదంతా గమనించిన అత్తగారు ప్లాస్టర్ల పెట్టెను తీసుకుపోయి తన అలమరలో పెట్టేసుకున్నారు. పొద్దున బట్టలు తొడుక్కునేటప్పుడు ఒక్కసారి చూసుకో, ఆ తర్వాత మళ్లీ దాని జోలికి పోకు అని చెప్పారు. ఆవిడ చెప్పినట్టే చేశాను. మోకాలి దాకా వచ్చే మేజోళ్లు తొడుక్కున్నాను. మచ్చ కనిపించకపోయేసరికి భయం కాలిని వదిలేసింది. వదిలేసి ఎక్కడికి పోయిందో పొలంలో తెలిసింది.

ఏప్రిల్ ఆఖర్లో గులాబీ రంగు పూల మడి విచ్చుకుంది. మామగారూ నేనూ ఎండకు వీపు పెట్టి, మా నీడ పూల మీద పడేలా నడుస్తున్నాం. ఎండ సూటిగా పడితే చార దాక్కుంటుంది. ఆయన మడికి ఆ వైపు, నేను ఈ వైపు. ఆ రోజు నా చూపు ఎన్నడూ లేనంత పదునుగా ఉన్నట్టు అనిపించింది. ఒక చార కనిపించింది, పెరికాను. రెండడుగులు వేశానో లేదో ఇంకొకటి. ఆ పక్కనే ఆకు మీద గీత. పెరికాను. ఈ మడికి ఇంత జబ్బు ఎప్పుడు పట్టిందో. ఆయన్ని కేకేయాలని కూడా తోచలేదు. ఆలస్యం చేస్తే పక్కదానికి పాకుతుంది. బకెట్ నిండితే గట్టు మీద గుమ్మరించి మళ్లీ సాలులోకి దిగాను.

ఎప్పుడు వచ్చారో, మామగారు నా వెనక నిలబడి ఉన్నారు. నన్ను చూడడం లేదు. నేను నడిచి వచ్చిన సాలును చూస్తున్నారు. నేనూ తిరిగి చూశాను. పళ్లు ఊడిన నోరులా ఉంది.

ఆయన గట్టు మీది కుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో పువ్వూ తీసి తిప్పి చూడసాగారు.

"శుభ్రం," అని పక్కన పెట్టారు. ఇంకొకటి తీశారు. "ఇదీ శుభ్రమే."

"అందులో చార ఉంది, పా."

"రేకు మడత అది."

పువ్వును నా చేతికిచ్చారు. కళ్ల దగ్గరకు తెచ్చుకున్నాను. ఇందాక అంత స్పష్టంగా కనిపించిన చార లేదు. ఇంకొకటి తీశాను, అందులోనూ లేదు. లేనిదాన్ని చూశాను. ఒక్క పువ్వులో కాదు, సాలు పొడుగునా. ఆయన కుప్పంతా వెతికి, నిజంగా జబ్బు చేసినవని ఏరినవి ఒక గుప్పిట్లో పట్టాయి.

ఆయన అరిచినా బాగుండేది. లేచి మోకాళ్ల మట్టి దులుపుకున్నారు.

"నీ కంట్లో భయం పడింది, అమ్మాయ్," అన్నారు. "ఆ కంటితో చూస్తే అన్నీ జబ్బుగానే కనిపిస్తాయి. నీ కాలి మచ్చా అంతే. ఆసుపత్రిలో ఆ చోటు వదిలేసుకో. నిజంగా జబ్బున్న వాళ్లెవరైనా వెళ్తారు."

ఆ వసంతంలో మళ్లీ నన్ను రోగం వెతకడానికి పిలవలేదు. తలలు కోసే యంత్రం వెనక నడుస్తూ, అది వదిలేసిన పూలను చేత్తో తుంచే పని ఇచ్చారు. దానికి పెద్ద చూపు అక్కర్లేదు.

ఆయన మాట నాకు న్యాయంగానే తోచింది. నా కన్ను ఎలాంటిదో నేనే చూశాను కదా. నిజంగా జబ్బున్న ఎవరి చోటులోనో నేను కూర్చున్నానన్న సిగ్గు ఒకటి పట్టుకుంది. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేసి, వచ్చే అవసరం ఉన్నట్టు లేదని చెప్పాను. అవతలి ఆవిడకు తీరిక లేదు.

"రద్దు చేస్తే మళ్లీ ఆకులు రాలే కాలం తర్వాతే దొరుకుతుంది. చేసెయ్యమంటారా?"

చేసెయ్యండి అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. ధైర్యం వల్ల కాదు, తెలివి వల్లా కాదు. అవతల ఇంకో ఫోన్ మోగుతోంది.

"సరే, అయితే ఉంచేస్తున్నాను," అని ఆవిడ పెట్టేసింది.

మే చివర ఆ రోజు రాగానే నీక్ కారులో ఆసుపత్రి దగ్గర దింపాడు. ఫెన్నా వెనక సీట్లో నిద్రపోయింది. దాన్ని లేపడం ఎందుకులే, ఎంతసేపు పడుతుంది కనుక అనుకున్నాం ఇద్దరం. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. చెప్పాల్సిన మాట దారి పొడుగునా వల్లించుకున్నాను: మీ సమయం వృథా చేశాను, ఏమీ అనుకోకండి.

చర్మం డాక్టరుకు నా వయసే ఉంటుంది. మాటకారి. ఈ ఏడు తులిప్‌లు ముందే విచ్చుకున్నాయి కదా, వాళ్లమ్మకు పొలాలు చూపిద్దామని తీసుకొచ్చేసరికే తలలు కోసేశారట అని చెబుతూ, దీపం ఉన్న భూతద్దాన్ని నా పిక్కకు ఆనించింది.

"మా అమ్మయితే..." అంది.

వాక్యం అక్కడే ఆగిపోయింది. మిగతా సగం కోసం నేను నవ్వు మొహంతో ఎదురుచూశాను. ఆమె అద్దాన్ని కొంచెం జరిపింది. మళ్లీ జరిపింది. వాళ్లమ్మ ఏమన్నదో నాకు ఈనాటికీ తెలియదు.

"దీన్ని ఇవాళే తీసేస్తాను," అంది.

"మీ సమయం వృథా చేశాను, ఏమీ అనుకోకండి," అన్నాను. వల్లించుకున్న మాట దానంతటదే బయటికొచ్చేసింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. "లేదు," అంది. "వచ్చి మంచి పని చేశారు."

బల్ల మీద బోర్లా పడుకోమంది. ఇన్ని వారాలూ నేను భయపడ్డాను గాని ఒక్క క్షణం కూడా నమ్మలేదు. ఆ సంగతి ఆ బల్ల మీద బోర్లా పడుకున్నాకే తెలిసింది. భయపడడం నాకు అలవాటు. చివరికి ఎవరో ఒకరు నవ్వి, బీట్‌రూట్ అని చెప్పడం అలవాటు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు. సూది గుచ్చినప్పుడు నొప్పి ఎవరికో పుట్టినట్టు అనిపించింది.

కట్టుతో కుంటుతూ కారు దగ్గరకు వెళ్తే నీక్ అద్దం దించి, "ఏమన్నారు, బీట్‌రూటేనా?" అని అడిగాడు. కట్టు చూశాక చెయ్యి అద్దం మీట మీదే ఉండిపోయింది.

ఫలితం ఫోన్లో చెబుతామన్నారు. మా భాషలో పరీక్ష ఫలితానికీ, ఒంటి మీద లేచే దద్దుకూ ఒకటే మాట. భోజనాల దగ్గర మేము ఆ మాటే పదే పదే అనుకుంటుంటే ఫెన్నా చాక్లెట్ పలుకులు చల్లిన రొట్టె తింటూ వింటూ ఉంది. అమ్మకు ఫోన్లోంచి దద్దు వస్తుందని దానికి అర్థమైంది. తనకూ అంటుతుందా అని వాళ్ల నానమ్మను అడిగిందట. అత్తగారు వచ్చి చెబితే చాలా రోజుల తర్వాత అందరం నవ్వాం.

నవ్వి ఊరుకున్నాం. జూన్ మొదట్లో ఒక ఉదయం నా ఫోన్ కనిపించలేదు. సోఫా దిండ్ల కింద, రొట్టెల డబ్బాలో, దుప్పట్ల మడతల్లో వెతికాను. ఫెన్నా గుమ్మంలో నిలబడి చూస్తోంది, పెదవులు బిగించి. నాకు అప్పుడు తట్టింది. మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ ఎక్కడ పెట్టావమ్మా అని అడిగాను.

"లేదు," అంది. "ఇంక నీకు దద్దు రాదు."

బతిమాలాను, బిస్కెట్ల డబ్బా మొత్తం ఇస్తానన్నాను, చివరికి అరిచాను. అది ఏడ్చింది గాని చెప్పలేదు. నీక్ పొలంలో ఉన్నాడు. చేతులు ఊరికే ఉంచుకోలేక తడిబట్టల బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఒక దుప్పటి ఆరేశానో లేదో చెక్కబూట్ల చప్పుడు వినిపించింది.

మామగారు పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. షెడ్డులో ఆయన దుంపలు తవ్వే రోజుల కోసం ఖాళీ పెట్టెలు పేరుస్తుంటే, ఆ పెట్టెల అడుగు నుంచి మోగిందట. అన్నీ పడదోసి తీసుకొచ్చారు. కారుతున్న గిన్నెను పట్టుకున్నట్టు ఫోన్‌ను ఒంటికి దూరంగా పట్టుకుని ఉన్నారు.

"నీకే," అన్నారు. "ఆసుపత్రి."

గబగబా చెప్పే మాటలు నాకు గుర్తుండవు. అందుకని ఆ డాక్టరు అన్న ప్రతి ముక్కనూ పైకి అన్నాను.

"చెడ్డదే," అన్నాను. "చర్మ క్యాన్సర్."

మామగారు బుట్ట అంచు పట్టుకున్నారు.

"పలుచగా ఉండగానే దొరికింది. లోపలికి దిగలేదు. చుట్టూ ఇంకొంచెం కోసి తీయాలి."

మా పాప ఇంకా చిన్నదని చెప్పబోయాను. ఆమె అర్థం చేసుకుంది. ఇంత పలుచనిది తీసేశాక దాదాపు అందరూ మామూలుగా బతుకుతారని, మూణ్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే చాలని చెప్పింది. ఆ ముక్క మాత్రం పైకి అనలేదు. ఇంకొకటి అడగాలనిపించింది.

"ఆకులు రాలే కాలం దాకా ఆగి ఉంటే?"

"ఆగలేదు కదా," అంది.

ఫోన్ పెట్టేశాక ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన బుట్టలోంచి ఫెన్నా మేజోడు ఒకటి తీసి తీగకు తగిలించారు. ఇంకొకటి తీశారు. ఆయన బట్టలు ఆరేయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. జత ఇక్కడొకటీ అక్కడొకటీ పెట్టి, ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు గుచ్చి, బుట్ట ఖాళీ అయ్యేదాకా ఆరేశారు. తర్వాత షెడ్డులోకి వెళ్లి, పడిపోయిన పెట్టెలు మళ్లీ పేర్చడం మొదలుపెట్టారు.

నీక్ పొలం నుంచి రాగానే చెప్పాను.

"కాని పా చూశారుగా," అన్నాడు.

అన్నది తనే విని, బూట్లు విప్పకుండానే వంటింటి కుర్చీలో కూలబడ్డాడు. మళ్లీ నన్ను అంబులెన్స్ అని పిలవలేదు. కొన్నాళ్లకు ఆ పిలుపు లేక నాకే ఏదోలా అనిపించింది. ఫెన్నా మాత్రం నా చేతులూ మెడా వెతికి దద్దు ఎక్కడని అడిగింది. వచ్చి వెళ్లిపోయిందని చెప్పాను.

రెండోసారి కోశాక కాలు దించకూడదన్నారు. దుంపలు తవ్వడం మొదలై ఊరంతా ఇసుక దుమ్ము లేస్తోంది. పని ఆపకూడని అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం అత్తమామలిద్దరూ మా ఇంటికి వచ్చారు. అత్తగారు వస్తూనే ఫెన్నా చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకుపోయారు, ముందే మాట్లాడుకుని వచ్చినట్టు. మామగారు చెక్కబూట్లు గుమ్మం బయట వదిలి మేజోళ్లతో లోపలికి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి చొక్కా గుండీలు విప్పసాగారు.

"ఏం చేస్తున్నారు, పా?" అని లేవబోయాను.

"కూర్చో. కాలు దించకు."

చొక్కా తీసి చేతి మీద వేసుకుని, వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చుని వీపు నా వైపు తిప్పారు. వయసులో ఉన్నప్పుడు వేసవంతా చొక్కా లేకుండానే దుంపలు తవ్వేవారని అత్తగారు చెప్పగా విన్నాను. ఆ వీపును నేను చూడడం అదే మొదలు. గోధుమ రంగువి, నల్లవి, ఎర్రటివి, పొలుసు కట్టినవి. చోటు మిగల్లేదు.

"చూడు, అమ్మాయ్," అన్నారు. "తొందరేం లేదు."

నేను మెడ దగ్గర మొదలుపెట్టాను. కొన్ని గుండ్రంగా ఉన్నాయి, కొన్ని లేవు. ఒక్కోదాని దగ్గరా వేలు ఆనించకుండా ఆగి, కిందికి వచ్చాను. ఎడమ భుజం రెక్క కింద ఒకదాని దగ్గర నా చూపు ఆగింది. ముందుకు వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. అది జబ్బో, నా భయమో ఎంత చూసినా తేలలేదు.

"ఉందా?" అని అడిగారు.

"నాకు తెలియదు, పా. డాక్టరు చూడాలి."

ఆయన చొక్కా వేసుకోలేదు. తోటలో ఫెన్నా నవ్వు వినిపిస్తోంది. ఇటు తిరగకుండానే అడిగారు.

"ఇవాళ ఫోన్ చేస్తే, చోటు ఎప్పటికి దొరుకుతుంది?"